ఆకు ముక్కల పరీక్ష: పురుగుల ఆహార ఎంపికపై బాలల ప్రయోగం – విధానం, పరిమితులు, విస్తరణకు ఉపయోగం

పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలలోను, 1993 నుండి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ వంటి వేదికలపైన వ్యవసాయ సంబంధమైన ప్రయోగాలకు ఎప్పుడూ చోటు ఉంటుంది. వీటిలో ఖర్చు తక్కువగా, ఫలితం కంటికి స్పష్టంగా కనిపించే ప్రయోగం ఒకటి ఉంది. ఒక పళ్లెంలో రెండు రకాల ఆకు ముక్కలు ఉంచి, మధ్యలో ఒక లద్దెపురుగును వదిలి, అది దేనిని తింటుందో చూడడమే ఆ ప్రయోగం. కీటక శాస్త్ర ప్రయోగశాలలలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఆకు ముక్కల పరీక్షకు ఇది సరళ రూపం. పరికరాలు సాధారణమైనవైనా ఇందులోని తర్కం పరిశోధన స్థాయిదే.

అయితే ఈ ప్రయోగం ఎంత సులభమో, దాని నుండి తప్పు నిర్ధారణకు రావడం కూడా అంతే సులభం. ఆముదపు మొక్కపై ఏరిన పొగాకు లద్దె పురుగును ఆముదం, వేరుశనగ ఆకుల మధ్య వదిలితే అది ఆముదాన్ని ఎక్కువగా తినవచ్చు. వెంటనే “లద్దెపురుగుకు ఆముదం ఇష్టం, కాబట్టి వేరుశనగలో ఆముదాన్ని ఎర పంటగా వేయాలి” అని అట్టపై రాయడం జరుగుతుంది. ఈ వాక్యంలోని సిఫారసు సరైనదే. కానీ ఆ సిఫారసును ఈ ప్రయోగం రుజువు చేయలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని విద్యార్థులకు వివరించడం ప్రయోగం చేయించడం కంటే ముఖ్యం. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో ఉండే వ్యవసాయ డిగ్రీ విద్యార్థులకు, పాఠశాలలతో కలిసి పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు ఉపయోగపడేలా ఈ ప్రయోగ విధానం, దాని నుండి చెప్పదగిన నిర్ధారణ, చెప్పకూడని నిర్ధారణ ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పురుగు ఆహారాన్ని ఎలా గుర్తిస్తుంది?

లార్వా దశలో సీతాకోకచిలుకలకు, రెక్కల పురుగులకు చూపు చాలా పరిమితం. తలకు ఇరువైపులా ఉండే చిన్న సరళ నేత్రాలు వెలుతురును, స్థూలమైన ఆకారాలను మాత్రమే గుర్తించగలవు. ఆహారం విషయంలో తుది నిర్ణయం వాసన, రుచులదే. నోటి భాగాలలోని మాక్సిల్లాలపై ఒక్కొక్క వైపు రెండేసి ముఖ్యమైన రుచి గ్రాహకాలు ఉంటాయి. ఒక్కొక్క గ్రాహకంలో సాధారణంగా నాలుగు రుచి నాడీకణాలు ఉంటాయి. చక్కెరలకు, లవణాలకు, చేదు పదార్థాలకు, కొన్ని జాతులలో ఆతిథ్య మొక్కకే ప్రత్యేకమైన రసాయనాలకు ఇవి స్పందిస్తాయి. లార్వా ముందుగా ఆకు అంచును కొద్దిగా కొరికి చూస్తుంది. ఆ మొదటి కాటులో అందిన సంకేతాల సమష్టి ఫలితంగానే తినడం కొనసాగించడమో, మానివేయడమో జరుగుతుంది.

ఈ అవగాహనకు పునాది వేసిన ప్రయోగాలలో ఒకటి 1910లో ప్రచురితమైంది. నెదర్లాండ్స్‌కు చెందిన వృక్ష శాస్త్రవేత్త వెర్షాఫెల్ట్ క్యాబేజీ సీతాకోకచిలుక లార్వాలను పరిశీలించారు. ఆవ కుటుంబపు మొక్కలలో ఉండే సినిగ్రిన్ అనే పదార్థాన్ని, ఆ లార్వాలు సాధారణంగా ముట్టని ఆకులపై పూసినప్పుడు వాటిని కూడా తింటాయని ఆయన చూపారు. లార్వా ఎంపిక చేసుకుంటున్నది మొక్క ఆకారాన్ని కాదు, దానిలోని రసాయనాన్ని అని దీనివల్ల తేలింది. మొక్కలలోని ఇటువంటి ద్వితీయ పదార్థాలు వ్యర్థాలు కావని, కీటకాల నుండి రక్షణ కోసం ఏర్పడినవని, వాటిని తట్టుకోగలిగిన కీటకాలకు అవే ఆహార సంకేతాలుగా మారాయని 1959లో గాట్‌ఫ్రీడ్ ఫ్రాంకెల్ ప్రతిపాదించారు.

దీనిని పిల్లలు తమ పెరట్లోనే చూడవచ్చు. నిమ్మ సీతాకోకచిలుక లార్వాలు నిమ్మ, నారింజలతో పాటు కరివేపాకును, మారేడును కూడా తింటాయి. చూపుకు ఈ మొక్కలు ఒకదానితో ఒకటి పోలవు. కానీ ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఆకు నలిపితే వచ్చే ఘాటైన వాసన వీటి బంధుత్వానికి గుర్తు. అదే లార్వాను మామిడి ఆకుపై ఉంచితే తినకుండా అటూ ఇటూ తిరుగుతుంది. పొలం అందుబాటులో లేని పట్టణ పాఠశాలలకు కరివేపాకు, నిమ్మ ఆకులతో చేసే ఈ ప్రయోగం అనువైనది.

ఇందుకు భిన్నంగా పొగాకు లద్దె పురుగు వందకు పైగా మొక్కలపై జీవించగలదు. ఆముదం, పొగాకు, వేరుశనగ, పత్తి, మిరప, క్యాబేజీ, మినుము అన్నీ దానికి ఆహారమే. ఇటువంటి బహుభక్షక పురుగు విషయంలో “తింటుందా, తినదా” అన్న ప్రశ్నకు విలువ తక్కువ. “రెండూ అందుబాటులో ఉన్నప్పుడు దేనిని ఎంత ఎక్కువగా తింటుంది” అన్నదే అడగవలసిన ప్రశ్న. అందువల్ల ఇక్కడ కొలత తప్పనిసరి అవుతుంది.

ప్రయోగ విధానం

కావలసినవి: మూత గల వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలు లేదా 9 సెం.మీ. పెట్రీ పళ్లేలు, తడిపిన కాగితం, 2 సెం.మీ. వ్యాసంతో ఆకు ముక్కలు కోయడానికి పదునైన అంచు గల గొట్టం, మెత్తని కుంచె, మిల్లీమీటరు గ్రాఫు కాగితం.

పొగాకు లద్దె పురుగు గుడ్లను సముదాయంగా పెడుతుంది. ఒక్కొక్క సముదాయంలో వందల గుడ్లు ఉంటాయి. తల్లి పురుగు శరీరపు గోధుమరంగు నూగు వాటిని కప్పి ఉంచుతుంది. మూడు నుండి ఐదు రోజులలో గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగులు మొదట గుంపుగా ఉండి ఆకు పత్రహరితాన్ని గోకి తింటాయి. ఆకు జల్లెడలా తెల్లబడుతుంది. ప్రయోగానికి మూడవ దశ లార్వాలు అనుకూలం. వీటిని చేతితో కాకుండా కుంచెతో కదిలించాలి. పరీక్షకు ముందు మూడు, నాలుగు గంటలు ఆహారం ఇవ్వకుండా ఉంచాలి. అంతకంటే ఎక్కువ సేపు పస్తు ఉంచితే ఆకలి వల్ల ఏ ఆకునైనా తినే ప్రమాదం ఉంది.

ఆకులను మందు చల్లని మొక్కల నుండి, ఒకే రోజు ఉదయం, మొక్కపై దాదాపు ఒకే స్థానం నుండి సేకరించాలి. లేత ఆముదపు ఆకును ముదిరిన వేరుశనగ ఆకుతో పోల్చితే తేలేది పంటల మధ్య తేడా కాదు, వయసు తేడా. ఒక ఆకు వాడిపోయి, మరొకటి తాజాగా ఉన్నా ఇదే దోషం వస్తుంది.

తడి కాగితం పరచిన ఒక్కొక్క డబ్బాలో ఆముదం ముక్కలు రెండు, వేరుశనగ ముక్కలు రెండు, ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు వైపులా అమర్చి, మధ్యలో ఒకే ఒక లార్వాను వదలాలి. ఈ పురుగు ప్రధానంగా రాత్రి వేళ తింటుంది కనుక డబ్బాలను నల్లని వస్త్రంతోగాని, అట్టపెట్టెతోగాని కప్పాలి. లేనట్లయితే కిటికీ వైపు ఉన్న ముక్కకు, నీడ వైపు ఉన్న ముక్కకు మధ్య తేడా ఫలితంలో కలుస్తుంది.

ప్రయోగాన్ని ఎప్పుడు ఆపాలో ముందే నిర్ణయించుకోవాలి. ఏదో ఒక రకం ఆకులో సుమారు సగం తిన్న వెంటనే, లేదా ఆరు గంటలు గడిచిన తరువాత, ఏది ముందైతే అప్పుడు ఆపాలి. మరుసటి రోజు ఉదయం వరకు వదిలివేస్తే లార్వా తనకు నచ్చిన ఆకును పూర్తిగా తిని, ఆపై రెండవ దానిని కూడా తినివేయవచ్చు. రెండు రకాలూ ఖాళీ అయిన డబ్బా “రెండూ సమానం” అని చెబుతుంది. అది నిజం కాదు.

కొలత, లెక్క

2 సెం.మీ. వ్యాసం గల ముక్క వైశాల్యం సుమారు 314 చదరపు మిల్లీమీటర్లు. రెండు ముక్కలకు 628. ప్రయోగం తరువాత మిగిలిన ముక్కను గ్రాఫు కాగితంపై ఉంచి అంచు గీసి, లోపలి గడులను లెక్కించాలి. సగానికి పైగా ఆక్రమించిన గడిని ఒకటిగా, సగానికి తక్కువైన దానిని సున్నాగా తీసుకుంటే చాలు.

ఆకు ముక్కలు లార్వా తినకపోయినా కొంత ముడుచుకుంటాయి. అందువల్ల లార్వా లేని కొన్ని డబ్బాలను కూడా అదే విధంగా అమర్చి, అంతే సేపు ఉంచాలి. ఇవే పోలిక డబ్బాలు. తిన్న వైశాల్యాన్ని 628 నుండి కాకుండా, పోలిక డబ్బాలో మిగిలిన సగటు వైశాల్యం నుండి తీసివేయాలి. వివరణ కోసం ఊహించిన అంకెలతో ఒక లెక్క ఇది: పోలిక డబ్బాలలో ఆముదం 604, వేరుశనగ 616 మిగిలాయి. లార్వా ఉన్న డబ్బాలో ఆముదం 430, వేరుశనగ 558 మిగిలాయి. అంటే లార్వా తిన్నది ఆముదం 174, వేరుశనగ 58. మొత్తం 232 చ.మి.మీ. ఇందులో ఆముదం వాటా 174ను 232తో భాగించగా 0.75. ఈ సూచిక 0.5 అయితే రెండు ఆకులూ సమానం; 1 అయితే పూర్తిగా ఆముదమే; సున్నా అయితే పూర్తిగా వేరుశనగే.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. రెండు ఆకుల మందం ఒకటి కాదు. ఒకే వైశాల్యంలో ఒక ఆకు ఎక్కువ బరువు తూగవచ్చు. సమీప కృషి విజ్ఞాన కేంద్రంలోని తూకంపై ఒక్కొక్క రకం ముక్కలు ఇరవై చొప్పున తూచి, వైశాల్యాన్ని బరువుగా మార్చి మరొకసారి సూచిక కట్టించడం మంచిది. రెండు విధాలుగానూ ఒకే దిశ కనిపిస్తే నిర్ధారణ బలపడుతుంది. దిశ మారితే ఆ విషయాన్నే నివేదికలో రాయాలి.

కొన్ని లార్వాలు ఏదీ తినకపోవచ్చు. కుబుసం విడిచే ముందు లార్వా ఆహారం మానివేయడం సహజం. ఇటువంటి వాటిని లెక్క నుండి మినహాయించవచ్చు. అయితే ఆ నియమాన్ని ప్రయోగానికి ముందే రాసుకోవాలి, ఎన్నింటిని మినహాయించారో చెప్పాలి. ఫలితం చూసిన తరువాత నచ్చని డబ్బాలను తొలగించడం పిల్లలకు నేర్పకూడని అలవాటు.

ఎన్ని డబ్బాలు కావాలి?

పది డబ్బాలలో ఏడింటిలో ఆముదాన్ని ఎక్కువగా తిన్నట్లు తేలితే అది ఇష్టమేనా? దీనికి సమాధానం నాణెంతో చెప్పవచ్చు. తరగతిలోని ప్రతి విద్యార్థి చేత నాణేన్ని పదిసార్లు ఎగురవేయించి బొమ్మల సంఖ్య రాయించాలి. ఏ ఇష్టమూ లేని నాణెమే కొందరికి ఏడు, ఒకరిద్దరికి ఎనిమిది బొమ్మలు చూపుతుంది. పదిసార్లకు 1,024 రకాల వరుసలు సాధ్యం. వాటిలో ఏడు గాని, అంతకంటే ఎక్కువ గాని బొమ్మలు వచ్చేవి 176, అంటే 17.2 శాతం. ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ వచ్చేవి 56, అనగా 5.5 శాతం. తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ వచ్చేవి 11 మాత్రమే, అనగా 1.1 శాతం.

కాబట్టి పదిలో ఏడు అన్నది యాదృచ్ఛికంగానే తరచుగా వచ్చే ఫలితం. నిష్పత్తి అదే అయినా ఇరవైలో పద్నాలుగు వస్తే యాదృచ్ఛికతకు అవకాశం 5.8 శాతానికి, నలభైలో ఇరవై ఎనిమిది వస్తే ఒక శాతం కంటే తక్కువకు తగ్గుతుంది. ఈ అంకెలు ఒక దిశకు మాత్రమే చెందినవి. ఏ ఆకు వైపు మొగ్గు ఉంటుందో ముందుగా ఊహించకపోతే వీటిని రెట్టింపు చేయాలని డిగ్రీ విద్యార్థులు గమనించాలి. ఒక తరగతిలో నలభై మంది ఉంటే నలభై డబ్బాలు కష్టం కాదు. సంఖ్య పెరిగేకొద్దీ నిర్ధారణ బలపడుతుందన్న సంగతి ఇంత సులభంగా బోధపడే సందర్భాలు తక్కువ.

అయితే నలభై లార్వాలను ఒకే పళ్లెంలో వదిలితే అవి నలభై పునరావృతులు కావు. ఒక లార్వా కొరికిన ఆకు వాసన మరొకదానిని ఆకర్షించవచ్చు. గుంపు ఒకే చోట చేరవచ్చు. అప్పుడు ఆ పళ్లెమంతా కలిపి ఒక్క పరిశీలన మాత్రమే. స్వతంత్రం కాని పరిశీలనలను పునరావృతులుగా లెక్కించే ఈ దోషాన్ని 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ తన సుప్రసిద్ధ వ్యాసంలో వివరంగా ఎత్తిచూపారు. స్నాతకోత్తర పరిశోధనలలో కూడా ఇది దొర్లుతూ ఉంటుంది. డబ్బాకు ఒకే లార్వా అన్న నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

పుట్టుకతో వచ్చిన ఇష్టమా, పెంపకంతో వచ్చిన అలవాటా?

పైన చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించినా ఒక ప్రశ్న మిగులుతుంది. లార్వాలను ఎక్కడి నుండి తెచ్చారు? ఆముదపు మొక్కపై పెరిగిన లార్వా ఆముదాన్ని ఎంచుకుంటే, అది ఆ జాతి స్వభావం కావచ్చు. ఆ లార్వా తిని పెరిగిన ఆహారపు అలవాటు కూడా కావచ్చు. 1968లో జెర్మీ, హాన్సన్, డెథియర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు హార్న్‌వర్మ్‌పై, మొక్కజొన్న కంకి పురుగుపై చేసిన ప్రయోగాలలో, ఒక మొక్కపై పెరిగిన లార్వాలు తరువాత ఎంపిక అవకాశం ఇచ్చినప్పుడు అదే మొక్క వైపు మొగ్గు చూపుతాయని నిరూపించారు. అనంతరం అనేక జాతుల లార్వాలలో ఇటువంటి ప్రభావం నమోదైంది. అందువల్ల ఆముదంపై ఏరిన లార్వాలతో చేసిన పరీక్ష ఎంత ఖచ్చితంగా కొలిచినా, అది స్వభావానికీ అలవాటుకూ మధ్య తేడాను చెప్పలేదు.

దీనికి పరిష్కారం పాఠశాల స్థాయిలోనే సాధ్యం. లార్వాలకు బదులు గుడ్ల సముదాయాన్ని సేకరించాలి. గుడ్లు పగిలిన వెంటనే పిల్ల పురుగులను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఆముదంపై, రెండవ భాగాన్ని వేరుశనగపై మూడవ దశ వరకు పెంచాలి. ఒకే తల్లి సంతానాన్ని రెండుగా విభజించడం వల్ల వంశపారంపర్యమైన తేడాలు రెండు వైపులా సమానంగా పంచబడతాయి. రెండు, మూడు సముదాయాలు దొరికితే మరింత మంచిది. తరువాత రెండు వర్గాలనూ విడివిడిగా పరీక్షించాలి.

రెండు వర్గాలూ ఆముదాన్నే ఎంచుకుంటే, పెంపకంతో నిమిత్తం లేని ప్రాధాన్యత ఉందని చెప్పవచ్చు. ఏ ఆకుపై పెరిగిన వర్గం ఆ ఆకునే ఎంచుకుంటే, మొదటి ప్రయోగంలో కనిపించినది అలవాటు మాత్రమే. రెండు వర్గాలూ ఆముదం వైపే మొగ్గి, ఆముదంపై పెరిగిన వర్గంలో ఆ మొగ్గు ఎక్కువగా ఉంటే, స్వభావం, అలవాటు రెండూ కలిసి పనిచేస్తున్నాయని అర్థం. రెండు వర్గాలలోనూ ఏ మొగ్గూ లేకపోతే అది కూడా ఫలితమే. వారం, పది రోజుల అదనపు శ్రమతో ఈ ప్రయోగం ప్రదర్శన స్థాయి నుండి పరిశోధన స్థాయికి చేరుతుంది.

లార్వా ఎంపిక, తల్లి పురుగు ఎంపిక

ఇప్పుడు ఎర పంట సంగతి. లద్దెపురుగుకు ఎర పంటగా ఆముదాన్ని వేయడం తెలుగు రైతులకు కొత్త కాదు. పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం వేయాలన్నది రాజమహేంద్రవరంలోని కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ సిఫారసులలో ఒకటి. వేరుశనగ, మిరప, పత్తి చేలలో కూడా గట్ల వెంబడి ఆముదం వేయమని సలహా ఇస్తారు. కానీ ఎర పంట పనిచేసేది ప్రధానంగా లార్వా ఎంపికపై కాదు, గుడ్లు పెట్టే తల్లి పురుగు ఎంపికపై. పిల్ల లార్వా చాలా దూరం నడిచి మరొక మొక్కను వెదకలేదు. తన ఆహారం ఏమిటో దాని తల్లి అప్పటికే నిర్ణయించి ఉంటుంది. పళ్లెంలోని పరీక్ష లార్వాను అడిగిన ప్రశ్న. పొలంలో జవాబు చెప్పేది రెక్కల పురుగు.

ఈ రెండు ఎంపికలు ఎల్లప్పుడూ ఏకీభవించవు. జొన్న, మొక్కజొన్నలను ఆశించే కాండం తొలుచు పురుగుల నివారణకు కెన్యాలో ఇసిపె సంస్థ, బ్రిటన్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంతో కలిసి రూపొందించిన “నెట్టు – లాగు” పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. చేను మధ్యలో వేసిన డెస్మోడియం తల్లి పురుగులను దూరంగా నెడుతుంది; చేను చుట్టూ వేసిన నేపియర్ గడ్డి వాటిని ఆకర్షిస్తుంది. తల్లి పురుగులు నేపియర్‌పై విరివిగా గుడ్లు పెడతాయి, కానీ అక్కడ పుట్టిన లార్వాలలో అత్యధికం బతికి బయటపడవు. తల్లికి ఇష్టమైనది సంతానానికి మేలు చేయకపోవడమే ఆ పద్ధతి విజయ రహస్యం.

ఆముదం విషయం ఇందుకు విరుద్ధం. ఆముదపు ఆకుపై లద్దెపురుగు బాగా పెరుగుతుంది. కాబట్టి ఆముదం వేసి వదిలేస్తే అది ఎర కాదు, పురుగుల పెంపకపు మడి అవుతుంది. వెడల్పాటి ఆముదపు ఆకుపై గుడ్ల సముదాయాలు, జల్లెడలా మారిన ఆకులు దూరం నుండే కనిపిస్తాయి. లార్వాలు గుంపుగా ఉన్న ఆ కొద్ది రోజులలోనే ఆకుతో సహా తుంచి నాశనం చేయాలి. అవి పెరిగి చెల్లాచెదురైన తరువాత పక్క పంటకు నష్టం తప్పదు. వారానికి రెండుసార్లు గట్టు చుట్టూ తిరిగి ఆకులు ఏరడం ఈ సిఫారసులో విడదీయరాని భాగం. “పురుగుకు ఆముదం ఇష్టం” అన్న సగం మాట మాత్రమే గ్రామానికి చేరితే, విత్తనం వేసే పని జరుగుతుంది. ఆకులు ఏరే పని జరగదు. ఇక ఆముదమే ప్రధాన పంటగా సాగయ్యే ప్రాంతాలలో ఈ సిఫారసుకు అర్థమే మారిపోతుంది.

పై తరగతుల విద్యార్థులు తల్లి పురుగు ఎంపికను కూడా పరీక్షించవచ్చు. వల కట్టిన పంజరంలో కుండీలలోని ఆముదం, వేరుశనగ మొక్కలను ఉంచి, ప్యూపాల నుండి వెలువడిన ఆడ, మగ రెక్కల పురుగులను సాయంత్రం వదిలి, ప్రతి ఉదయం ఏ మొక్కపై ఎన్ని గుడ్ల సముదాయాలు ఉన్నాయో లెక్కించాలి. రెక్కల పురుగులకు దూదిలో ముంచిన చక్కెర నీరు ఆహారంగా చాలు. పంజరం గోడలపై పెట్టిన గుడ్లను కూడా విడిగా నమోదు చేయాలి. లార్వా పరీక్ష, గుడ్ల పరీక్ష పక్కపక్కన ఉన్నప్పుడు ఎర పంట గురించి మాట్లాడే అర్హత ప్రయోగానికి వస్తుంది.

రెండవ మెట్టు: వేపతో పరీక్ష

ఇదే అమరికతో తిండి మానిపించే పదార్థాలను కూడా పరిశీలించవచ్చు. ఈ రంగంలో భారతీయ పరిశోధనకు గౌరవనీయమైన స్థానం ఉంది. వేప గింజల ద్రావణం చల్లిన పైరును ఎడారి మిడతలు తినవని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థకు చెందిన ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు 1962లో తెలియజేశారు. 1968లో బటర్‌వర్త్, మోర్గాన్ ఇంగ్లండులో వేప గింజల నుండి అజాడిరక్టిన్‌ను వేరుచేసినప్పుడు, ఏ భాగంలో ఆ పదార్థం ఉందో గుర్తించడానికి వారు ఆధారపడినది కూడా మిడతల ఆహార పరీక్షపైనే. సూత్రంలో అది పిల్లల పళ్లెం పరీక్షకు దగ్గరిదే.

పాఠశాలలో 5 గ్రాముల వేప గింజల పొడిని 100 మి.లీ. నీటిలో రాత్రంతా నానబెట్టి వడపోస్తే రైతులు వాడే 5 శాతం కషాయం సిద్ధమవుతుంది. ఒకే రకం ఆకు ముక్కలలో సగం కషాయంలో, మిగిలిన సగం మంచినీటిలో ముంచి, ఆరబెట్టి అమర్చాలి. కషాయంలో సబ్బు కలిపితే మంచినీటిలో కూడా అంతే సబ్బు కలపాలి. లేకుంటే పనిచేసినది వేపా, సబ్బా అన్నది తేలదు. నీటి ముక్కలలో తిన్న వైశాల్యం నుండి కషాయపు ముక్కలలో తిన్నదానిని తీసివేసి, రెండింటి మొత్తంతో భాగించి, నూరుతో గుణిస్తే ఆహార నిరోధక సూచిక వస్తుంది.

ఇక్కడ కూడా పరిమితిని చెప్పాలి. ఎంపిక ఉన్నప్పుడు వేప ఆకును వదిలిన లార్వా, మరొక ఆహారం లేనప్పుడు దానినే తినవచ్చు. పొలంలో అంతటా మందు చల్లినప్పుడు ఉండే పరిస్థితి రెండవదే. కనుక కషాయపు ముక్కలు మాత్రమే ఉన్న డబ్బాలు, నీటి ముక్కలు మాత్రమే ఉన్న డబ్బాలు అదనంగా ఏర్పాటు చేయాలి. ఆ లార్వాలను కొన్ని రోజులు గమనిస్తే, వేప కేవలం తిండి మానిపించడమే కాక కుబుసం విడవడాన్ని, ఎదుగుదలను ఎలా దెబ్బతీస్తుందో కూడా కనిపిస్తుంది.

జాగ్రత్తలు, మార్గదర్శకుల బాధ్యత

నూగు, ముళ్లు ఉన్న గొంగళి పురుగులను పిల్లల చేత పట్టించకూడదు. దురద, వాపు కలుగుతాయి. ఆముదపు గింజలు విషపూరితం కనుక ఆకులు మాత్రమే వాడాలి, చిన్న పిల్లలకు గింజలు అందనీయకూడదు. ప్రయోగం తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. మిగిలిన లార్వాలను, గుడ్లను, రెక్కల పురుగులను పొలాలలో విడిచిపెట్టకూడదు.

మార్గదర్శకుల ప్రధాన బాధ్యత మాత్రం నిర్ధారణ వాక్యం దగ్గర ఉంది. “లద్దెపురుగుకు ఆముదం ఇష్టం” అని రాసే బదులు, “ఆముదంపై పెరిగిన నలభై మూడవ దశ లార్వాలకు, చీకటిలో, గరిష్ఠంగా ఆరు గంటల పాటు ఆముదం, వేరుశనగ ఆకుల మధ్య ఎంపిక ఇచ్చినప్పుడు ఇన్ని లార్వాలు ఆముదాన్ని ఎక్కువగా తిన్నాయి” అని రాయించాలి. వాక్యం పొడవు పెరుగుతుంది, కానీ అందులోని ప్రతి మాటా నిలబడుతుంది. ఉపాధ్యాయుడు ఎదురుచూసిన దానికి భిన్నంగా ఫలితం వస్తే డబ్బాలను మార్చకూడదు. ఫలితాన్ని అలాగే రాసి, కారణాన్ని మరొక ప్రయోగంతో వెదకాలి.

ఈ పిల్లలలో చాలామంది రైతు కుటుంబాల వారు. పళ్లెంలో చూసిన దానిని వారు సాయంత్రానికి ఇంట్లో చెబుతారు. అది గట్టుపై ఆముదం వేయడానికో, వేయకపోవడానికో కారణం కావచ్చు. పురుగు ఏమి తిన్నదో చెప్పడంతో పాటు, ఆ ప్రయోగం ఏమి చెప్పలేదో కూడా చెప్పగలిగిన విద్యార్థి, రేపు ఏ సిఫారసు విన్నా దాని వెనుక ఉన్న ఆధారాన్ని అడుగుతాడు. విస్తరణ విభాగానికి అటువంటి రైతు ఎంతో అవసరం.